మేరియా మేయరు పరిశోధనలు – వాని తూనిక

పండితుల పాండిత్యమును కొలుచుట యెట్లు? పూర్వము మన రాజాస్థానములలో వాదములు పెట్టి, అవధానములు చేయించి, గెలిచినవారికి కంకణములు తొడిగెడివారు. ఇప్పటి విశ్వవిద్యాలయములలో వేరొక పద్ధతి ప్రబలియున్నది. శాస్త్రజ్ఞులు తాము కనిపెట్టిన విషయములను వ్యాసములుగా వ్రాసి శాస్త్రపత్రికలలో ప్రకటింతురు. తరువాత నా విషయముమీద వ్రాయువారు తమకు ముందు దారి చూపినవారి వ్యాసములను పేర్కొందురు. ఇట్లు పేర్కొనుటను ఉల్లేఖ మందురు. ఒకరి వ్యాసముల నితరు లెన్నిమారు లుల్లేఖించిరో లెక్కపెట్టి, ఆ యంకెనుబట్టి వారి యోగ్యతను నిర్ణయించు నాచారము నేడు లోకమంతట, మన దేశమునగూడ, వ్యాపించినది. ఉద్యోగమునకు, పైయుద్యోగమునకు, పరిశోధనకు కావలసిన ధనసహాయమునకు నీ యంకెయే ద్వారపాలకుడై నిలుచుచున్నది.

ఇది పండితుల గొడవ, ఇల్లు చక్కబెట్టుకొను మన కేల యని సోదరీమణు లనవచ్చును. మన బాలికలు వేలకొలది నేడు శాస్త్రములు చదివి పరిశోధనలకు పోవుచున్నారు. వారు పెండ్లియాడుదురు, బిడ్డలను గందురు, భర్త యుద్యోగమునుబట్టి ఊళ్లు మారుదురు. అట్టివారి పనిని ఈ తూనికరాళ్లు సరిగా తూచునా యనునది మన యింటి ప్రశ్నయే. దీనిని విచారించుటకు మేరియా గెప్పర్టు మేయరు అను విదుషి చరిత్రకంటె తగినది నాకు కానరాదు.

ముందుగా లెక్క సంగతి. దీనికి మూలపురుషుడు యూజీన్ గార్ఫీల్డు అను అమెరికా దేశస్థుడు. పూర్వపు తీర్పులను తరువాతి తీర్పులలో నెక్కడెక్కడ నుదాహరించిరో న్యాయవాదులకు తెలుపు పట్టికలు ఆ దేశమున 1873 నుండి యుండెను. ఆ పద్ధతినే శాస్త్రములకు గూడ నన్వయించి, ఆయన 1964లో ఉల్లేఖముల సూచికను ప్రకటించెను. ఆయన మొదటి యుద్దేశము పండితులకు మార్కులు వేయుట కాదు. ఒక విషయముమీద నెవరెవరు వ్రాసిరో వెదకికొనుటకు సాధనము కల్పించుటయే. పిమ్మట 2005లో హోర్హే హిర్షు అను భౌతికశాస్త్రజ్ఞుడు దాని కొక చిన్న సూత్రమును చేర్చెను. దానిని హెచ్ సూచిక యందురు.

ఆ సూత్రమును మన వంటింటి భాషలో చెప్పెదను. ఒక యిల్లాలు ఐదు రకముల ఊరగాయలు పెట్టినదనుకొనుడు. ఆవకాయను ఏబదిమంది, మాగాయను తొమ్మిదిమంది, గోంగూరను నలుగురు, చింతకాయను ముగ్గురు, ఉసిరికాయను ఒకరు అడిగి పట్టుకొనిపోయిరి. మొదటి మూడు పచ్చళ్లలో ప్రతిదానిని ముగ్గురికి తక్కువ గాకుండ నడిగిరి. నాలుగవదానిని నలుగు రడుగలేదు. కావున నామె సూచిక మూడు. ఆవకాయను ఏబదిమంది గాక ఏబదివేలమంది యడిగినను సూచిక మూడే. ఆవకాయ యొక్కటియే పెట్టి దేశమునంతను మెప్పించిన యిల్లాలికి సూచిక ఒకటి! హిర్షు తన వ్యాసమున ఎడ్వర్డు విట్టెన్ అను సిద్ధాంతవేత్తకు 110, స్టీవెన్ వైన్‌బర్గునకు 88 అని లెక్కగట్టెను. గొప్ప విద్యాపీఠములలో స్థిరమైన యుద్యోగమునకు 12, పూర్ణాచార్యపదవికి 18 ఉండిన చాలునని గూడ సూచించెను.

హిర్షు ఈ వ్యాసమును వ్రాసినది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియేగో శాఖనుండి. మేరియా మేయరునకు జీవితమున మొదటిమారు పూర్ణవేతనముతో నాచార్యపదవి నిచ్చినదియు నా విద్యాలయమే. అది 1960వ సంవత్సరము. అప్పటి కామెకు ఏబదినాలుగవయేడు. పండితపట్టము పొంది ముప్పదియేండ్లు గడచినవి. ఆ ముప్పదియేండ్లలో నామె యేమి చేసెనో చూతము.

మేరియా 1906 జూను 28వ తేదీన కాటోవిట్సు నగరమున జన్మించెను. ఆ నగర మప్పుడు జర్మనీలో నుండెను. ఇప్పుడు పోలండులో నున్నది. ఆమెకు నాలుగేండ్ల ప్రాయమున తండ్రి ఫ్రీడ్రిష్ గెప్పర్టు గెట్టింగెన్ విశ్వవిద్యాలయమున శిశువైద్యాచార్యు డయ్యెను. ఆ వంశమున నాచార్యపదవి ఆరుతరములనుండి వచ్చుచుండెను. తన యేకపుత్రిక యేడవతరముగా దానిని నిలుపవలెనని యాయన కోరిక. పెరిగి వట్టి ఇల్లాలివై యుండిపోవద్దని కూతునకు బోధించెడివాడట. ఇల్లాలితనము నాయన చిన్నచూపు చూచెనని మన పాఠకురాండ్రు కోపింతురేమో! వేరుదారి లేక దానిలో నిలిచిపోయిన స్త్రీల నెందరినో చూచి యా మాట యనియుండును.

1924లో నామె గణితము చదువ విశ్వవిద్యాలయమున చేరెను. ఆ దినములలో గెట్టింగెన్ నూతనభౌతికశాస్త్రమునకు కాశీవంటిది. మాక్సు బోర్ను పాఠములు విని, గణితమును విడిచి భౌతికమునకు మరలెను. 1927లో తండ్రి గతించెను. తల్లి యింటిలోని గదులను విద్యార్థుల కద్దెకిచ్చి సంసారము నడపెను. ఆ గదులలో నొకదానికి వచ్చినవాడే జోసెఫ్ మేయరు అను అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు. 1930 జనవరిలో వారిరువురకు వివాహమయ్యెను. ఆ యేడే మేరియాకు పండితపట్టము లభించెను. ఆమెను పరీక్షించిన మువ్వురిలో ఫ్రాంకు, విండావుసులు అప్పటికే నోబెలు బహుమానము పొందినవారు; బోర్ను 1954లో పొందెను.

ఆమె పట్టమునకై వ్రాసిన విషయము 1931లో జర్మను పత్రికయందు ప్రకటితమయ్యెను. దాని సారాంశము కష్టమైనది కాదు. పరమాణువులోని ఎలక్ట్రాను క్రిందిమెట్టునుండి పైమెట్టున కెక్కవలెనన్న కొంత శక్తి కావలెను. ఆ శక్తిని ఒక కాంతికణము తెచ్చి యిచ్చునని యెల్లరు నెరిగినదే. సగముసగము శక్తిగల కాంతికణములు రెండు ఒకేసారి వచ్చి తాకినను ఎలక్ట్రా నెక్కునని మేరియా గణితముచే చూపెను. ఒక్కడు లేవనెత్తజాలని ధాన్యపుబస్తాను ఇద్దరు చేయివేసి లేపినట్లని యనుకొనవచ్చును. కాని యిద్దరును ఒకే క్షణమున చేయి వేయవలెను. మామూలు వెలుతురులో కాంతికణము లట్లు జంటగా వచ్చి తాకుట మిక్కిలి యరుదు. అందుచే నది నిజమో కాదో పరీక్షించుట యానా డెవరితరము గాలేదు.

భర్తకు బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున నుద్యోగము. భార్యాభర్తల నిరువురను నొకే విద్యాలయమున నియమింపరాదను నిబంధన యొకటి యప్పుడుండెను. బంధుప్రీతిని మాన్పుటకు పెట్టినదే యైనను దాని బరువు పడినది భార్యలమీదనే. మేరియాకు దొరకినది జర్మను భాషలోని యుత్తరప్రత్యుత్తరములు నడపు చిన్న సహాయకపదవియు, నటకవంటి పైకప్పుగదియు. జీతము నామమాత్రము. ఆ గదిలో కూర్చుండియే యామె హెర్ట్స్‌ఫెల్డు అను పండితునితోడను, భర్తతోడను కలిసి రసాయనభౌతికమున పనిచేసెను. విద్యార్థులకు పాఠములు చెప్పెను. 1933లో కూతురు పుట్టెను. ఆ బిడ్డకు రెండేండ్ల ప్రాయమున, 1935లో, మేరియా రెండవ గొప్ప వ్యాసమును ప్రకటించెను. కేంద్రకమునందలి న్యూట్రానులు రెండు ఒక్కసారిగా ప్రోటానులై, రెండు ఎలక్ట్రానులను వెలికి విసరు వింతక్షయము సంభవమని యందు చూపెను. అట్టి ద్రవ్యము సగమగుటకు పట్టుకాలము సంవత్సరములలో వ్రాసిన ఒకటి ప్రక్క పదునేడు సున్నలకు మించునని యామె యంచనా. ఇంత నెమ్మదిగా జరుగుదానిని కనిపెట్టువా రెవరు? 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైను శాఖలో సెలీనియముతో పరిశోధించినవారు దానిని తొలిసారి ప్రత్యక్షముగా చూచిరి. వ్యాసము పుట్టి ఏబదిరెండేండ్లైనది. వ్రాసినయామె పరలోకగతయై పదునైదేండ్లైనది.

1930 నాటి లెక్కలు 1940లో వేసియుండిన నామె కేమి సూచిక వచ్చును? ఆ రెండు వ్యాసములను తలచుకొనవలసిన పని యప్పుడు కొలదిమందికే యుండెను. కాంతిసంగతి చూడుడు: 1960లో లేజరు పుట్టెను, 1961లో బెల్ ప్రయోగశాలలో కైజరు, గారెట్టు అనువారు లేజరు కాంతితో మేరియా చెప్పినది నిజమని నిరూపించిరి. ముప్పదియేండ్లు నిద్రించిన వ్యాసము మేలుకొనెను. 1990లో కార్నెలు విశ్వవిద్యాలయమువారు ఆ సూత్రముతోనే సూక్ష్మదర్శినిని నిర్మించిరి. ప్రాణమున్న మెదడులో లోతుననున్న కణములను గూడ దానితో చూచుట సాధ్యమైనది. నేడు వైద్యులును జీవశాస్త్రజ్ఞులును 1931 నాటి యా జర్మను వ్యాసమును పేర్కొనుచున్నారు. రెండు కాంతికణముల నొక్కసారి గ్రహించు శక్తిని కొలుచు మానమునకు గెప్పర్టు మేయరు పేరే పెట్టిరి. ఆ మానమును పలికినవారందరు నామె పేరు పలుకుచున్నట్లే గదా! కాని మానము పేరును ఉల్లేఖముల సూచిక లెక్కింపదు.

భర్త యుద్యోగము మారగా 1939 నాటికి కుటుంబము న్యూయార్కునకు చేరెను. కొలంబియా విశ్వవిద్యాలయమున నామెకు గదియైతే యిచ్చిరి, జీత మియ్యలేదు. భర్తతో కలిసి వ్రాసిన సాంఖ్యక యంత్రశాస్త్రగ్రంథము 1940లో వెలువడి చిరకాలము విద్యార్థులకు పాఠ్యమయ్యెను. 1941 డిసెంబరులో శారా లారెన్సు కళాశాలవారు సగము కాలపు టుపాధ్యాయపదవి నిచ్చిరి. అదియే యామె వేతనముతో పొందిన మొదటి ఉపాధ్యాయవృత్తి. యుద్ధకాలమున యురేనియమును వేరుపరచు పరిశోధనలలో పనిచేసెను. దానినిగూర్చి యిక్కడ విస్తరింపను.

1946లో చికాగోకు పోయిరి. అక్కడ నామెకు వేతనము లేని యాచార్యపదవి. సమీపమందలి ఆర్గాను జాతీయప్రయోగశాలవారు మాత్రము సగముకాలపు పనికి జీత మిచ్చిరి. కేంద్రకభౌతికము తన కంతగా తెలియదని ముం దామె జంకెనట. ఎడ్వర్డు టెల్లరుతో కలిసి మూలద్రవ్యములు పుట్టినవిధమును విచారించుచుండగా నామె కొక వింత కనబడెను. కొన్ని సంఖ్యల ప్రోటానులుగాని న్యూట్రానులుగాని యున్న కేంద్రకములు తక్కినవానికంటె దృఢముగా నున్నవి. సృష్టిలో నెక్కువగా దొరకుచున్నవి. తగరములో ప్రోటానులు 50. దానికి స్థిరమైన రూపభేదములు పది, మరి యే మూలద్రవ్యమునకు నన్ని లేవు. సీసములో 82. ఇట్లు 2, 8, 20, 28, 50, 82, 126 అను నంకెలు తేలినవి. వీనిని మాయాసంఖ్య లనిరి. 1948లో నామె సాక్ష్యములన్నిటిని కూర్చి ప్రకటించెను గాని, ఈ యంకెలే యేల రావలెనో తెలియలేదు.

ఒకనాడు ఎన్రికో ఫెర్మి యామె గదిలో దీనిని చర్చించుచుండెను. ఎవరో దూరవాణిలో పిలువగా లేచి, వాకిటివరకు పోయి, కేంద్రకములోని కణముల భ్రమణమునకును పరిభ్రమణమునకును పొత్తేమైన కలదాయని యొక ప్రశ్న వేసి వెడలెను. ఆయన తిరిగివచ్చులోపల మేరియాకు సమస్యయంతయు విడిపోయెను. ముందే యన్ని లెక్కలును మనసులో నుంచుకొన్నయామె గనుక నంత త్వరగా విడిపోయినది. లేనిచో నా ప్రశ్న ప్రశ్నగానే యుండెడిది.

దీని నామె కూతునకు నాట్యముతో పోల్చి చెప్పెను. విశాలమైన శాలలో జంటలు నృత్యము చేయుచు శాలచుట్టు తిరుగుచున్నవి. అవి వలయములుగా, నొకదానిలో నొకటిగా, ఏర్పడియున్నవి. ప్రతిజంటయు తిరుగుచునే తనచుట్టు తానును గిరగిర తిరుగుచున్నది. కొన్ని జంటలు శాలను చుట్టు దిక్కుననే తమచుట్టు తాము తిరుగును; కొన్ని యెదురుదిక్కున. రెంటిలో నొకటి సులభము, రెండవది ప్రయాస. ఈ భేదముచేత నొక్కొక్క వలయము రెండుగా చీలును; అట్లు చీలిన వలయములు నిండిన చోటులే మాయాసంఖ్యలు. కేంద్రకములో నిట్టి పొరలున్నవని చెప్పినందుకు పౌలి యను పండితు డామెను ఉల్లిపాయల మడోన్నా యని పరిహసించెడివాడట.

ఈ భాగమున నొక విషయము నాకు మిక్కిలి నచ్చినది. మేరియా తన లేఖను 1949 ఫిబ్రవరిలో పత్రికకు పంపెను. ఆ దినములలోనే జర్మనీలో హాక్సెలు, జెన్సెను, సూస్ అను మువ్వురు వేరుగా నదే ఫలితమునకు వచ్చిరని తెలిసి, రెండును కలిపి యచ్చువేయుడని తన లేఖ నాపించెను. తుదకు వారిదే ముందు సంచికలో పడి, ఈమెది తరువాతి సంచికలో వచ్చెను. ముందెవ్వరు వ్రాసిరను దానికై సోదరులవలె నుండినవారు గూడ పగవారగు లోకమిది. ఈమెయు జెన్సెనును మాత్రము స్నేహితులై, 1955లో కలిసి గ్రంథము వ్రాసిరి. 1956లో నామె అమెరికా జాతీయవిజ్ఞానసభకు సభ్యురాలిగా నెన్నుకొనబడెను. చికాగో విశ్వవిద్యాలయమున జీతము లేని యాచార్యురాలిగానే యుండెను!

1960లో శాన్ డియేగోవారు దంపతుల నిరువురను వేతనములతో పిలిచిరి. పోయిన కొలదికాలమునకే మేరియాకు పక్షవాతము వచ్చెను. అయినను పాఠములు మానలేదు. 1963లో భౌతికశాస్త్రపు నోబెలు బహుమానమున సగము విగ్నరునకును, తక్కిన సగము మేరియాకును జెన్సెనుకును పంచి యిచ్చిరి. 1903లో క్యూరీ పొందినపిమ్మట భౌతికమున నా బహుమానము పొందిన స్త్రీ యామెయే. ఆ యూరి పత్రిక శాన్ డియేగో తల్లికి నోబెలు బహుమానమని శీర్షిక పెట్టెను. ఆమెతోబాటు గెలిచిన జెన్సెనును ఒక తండ్రియని యెవరును వ్రాసినట్లు లేదు. 1972 ఫిబ్రవరి 20వ తేదీన నామె కన్నుమూసెను.

ఇక తూనికరాళ్ల సంగతికి మరలుదము. పొరల సిద్ధాంతము నేడు ప్రతి పాఠ్యపుస్తకమున నున్నది. అందువలననే 1949 నాటి లేఖను ప్రత్యేకముగా పేర్కొను నవసరము తగ్గినది. పప్పుచారు మొదట కాచినయామె పేరు మన మెవరము తలతుము? ఒక విషయ మెల్లరి సొత్తై కలిసిపోయినకొలది దానికి ఉల్లేఖములు తగ్గును. సామాన్యమైన పరిశోధనకంటె మహత్తరమైన పరిశోధనకే యీ చిక్కు హెచ్చు.

మరియొకటి స్త్రీలకు సంబంధించినది. మేరియా వ్యాసములలో నొకచోట గెప్పర్టు మేయరు అనియు, నొకచోట మేరియా జి. మేయరు అనియు పే రున్నది. సూచికలు పేర్లనుబట్టి కూర్చినవి. పేరు మారినప్పుడెల్ల లెక్క చీలిపోవును. వెదకి యతికినగాని యొకరి పని ఒకచోటికి రాదు. మన తెలుగునాట పుట్టింటి పేరుతో చదివి, మెట్టినింటి పేరుతో వ్రాయు యువతులు దీనిని ముఖ్యముగా గమనింపవలెను. పెండ్లికి ముందు ప్రకటించిన వ్యాస మొక్కటి యున్నను, తరువాతి వ్యాసములను గూడ నా పేరుతోనే వ్రాయుట మేలు. పరిశోధకుల కొక్కొక్కరికి శాశ్వతమైన గుర్తుసంఖ్య నిచ్చు నేర్పాటు 2012 నుండి కలదు. దానిని తప్పక తీసికొనవలెను.

హిర్షు తన వ్యాసమున మరియొక లెక్కయు చెప్పెను. సూచికను, మొదటి వ్యాసము ప్రకటించిన దినమునుండి గడచిన సంవత్సరములతో భాగింపవలెనట. ఎడతెగక పనిచేయువారికి నది న్యాయమే. పురిటికై, చంటిబిడ్డకై, మంచముపట్టిన అత్తగారికై నాలుగేండ్లు ఆగినయామెకు నా నాలుగేండ్లును భాగహారములో చేరి యంకెను తగ్గించును. వంటయింటి పొయ్యి యారిన దినమునుగూడ భోజనము పెట్టినదినముగా లెక్కించినట్లున్నది! సంవత్సరములను లెక్కించునప్పుడు సెలవుకాలమును తీసివేయుట గణితమున నేమంత కష్టము? కొన్ని దేశముల ధనసహాయసంఘములు ప్రసవమునకై విడిచిన కాలమును మినహాయించుచున్నవి. అన్నిచోటుల నట్లు చేయుమని యడుగుట మన కన్యలకును వారి తల్లిదండ్రులకును తగినదే.

అంకెలే లేకుండిన న్యాయము జరుగునా యన్నచో, అదియు నిజము కాదు. మేరియా కాలమున సూచికలు లేవు. పెద్దల యభిప్రాయమే ప్రమాణము. ఆ పెద్దలే యామె ప్రతిభను వేనోళ్ల పొగడుచు జీత మియ్యక ముప్పదియేండ్లు నడపిరి. ఎవ్వరికిని లొంగని యంకె యొకటి చేతనుండిన, ఇందరికంటె నామె పని యెక్కువ గదా యని యడుగుట కాధారమైయుండెడిది. హిర్షుగూడ 2020లో తన సూచిక ఘోరముగా తప్పుదారి పట్టగలదనియు, దానివలన తా ననుకొనని చెడుగులు కలిగినవనియు నొప్పుకొనెను. కొలబద్దను చేసినవాడే దాని వంకరను చెప్పినప్పుడు, దానిని చేతబట్టి యుద్యోగము లిచ్చువారు మరికొంత జాగ్రత్తపడవలసియుండును. పడుచున్నారో లేదో దరఖాస్తులు పెట్టుకొను మన పిల్లలనే యడుగవలెను.

మేరియా తరువాత భౌతికమున నోబెలు పొందిన స్త్రీ కెనడా దేశపు డానా స్ట్రిక్‌లండు. అది 2018లో, ఏబదియైదేండ్ల కనంతరము. 2020లో ఆండ్రియా గెజ్, 2023లో ఆన్ లూయిలియే పొందిరి. బహుమానము ప్రకటించిననాటికి స్ట్రిక్‌లండు వాటర్లూ విశ్వవిద్యాలయమున సహాచార్యురాలు. పూర్ణాచార్యపదవికి తా నెన్నడు దరఖాస్తు పెట్టలేదని యామె చెప్పెను. ఆ సంవత్సరమే విద్యాలయమువా రా పదవి నిచ్చిరి. అతితీవ్రమగు లేజరుకాంతిని క్షణములో కోట్లవంతుల సూక్ష్మకాలమునకు కుదించు నుపాయమును కనిపెట్టినందు కామెకు బహుమానము వచ్చెను. ఆ పనికి సంబంధించిన తన పండితపట్టపు గ్రంథమున నామె మేరియా 1931 నాటి వ్యాసమును పేర్కొని యుండెను. పట్టములకై వ్రాయు గ్రంథములలోని ఉల్లేఖములను పత్రికాసూచికలు సాధారణముగా లెక్కలోనికి తీసికొనవు.